పొద్దున్నే 1600 మీటర్లు పరుగెత్తి వచ్చాక అర్థమెటిక్ ఎందుకు ఎక్కదు?

ప్రశ్న: వయసు 22. ఎస్ఐ రాతపరీక్షకూ ఈవెంట్స్‌కూ (పరుగు, జంప్ లాంటి దేహదారుఢ్య పరీక్షలు) ఒకేసారి తయారవుతున్నాను. రాత్రి 12 దాకా చదివి 4:30కి లేస్తాను. 5 గంటలకు గ్రౌండ్‌కి వెళ్లి రోజూ 1600 మీటర్లు స్టాప్‌వాచ్ పెట్టుకుని పరుగెత్తుతాను. 5:45కల్లా అయిపోతుంది. పరుగులో పక్కలో పోటు వస్తుందని నీళ్లు తాగను. 6:30కి స్టడీ హాల్లో కూర్చుంటే అర్థమెటిక్ ఒక్క ముక్క ఎక్కదు. రూమ్మేట్ మాత్రం అరగంట నడిచి వచ్చి హాయిగా చదువుకుంటాడు. మెస్‌లో టిఫిన్ 8:30కి. గట్టిగా వ్యాయామం చేస్తే మెదడు మొద్దుబారుతుందా? ఎంత చేస్తే చదువుకు మంచిది?

సమాధానం:

మొద్దుబారదు. పరుగు వల్లే లెక్కలు చెడుతుంటే ఆ తేడా పరుగు ఆపిన మొదటి పావుగంటలో కనిపించాలి. మీరు పుస్తకం తెరుస్తున్నది 45 నిమిషాల తర్వాత. గట్టి పరుగు చేసే చెడు అప్పటికి దాదాపు పోతుంది, మంచి ఇంకా కొంత మిగిలే ఉంటుంది. అయినా బుర్ర కదలడం లేదంటే దొంగ వేరేచోట ఉన్నాడు. అతన్ని పట్టుకునే ముందు తీవ్రత సంగతి తేల్చాలి, ఎందుకంటే దీని మీద యూట్యూబ్‌లో తిరిగే మాటల్లో సగం నిజాలే ఎక్కువ.

ముందు మీ పరుగు ఎంత గట్టిదో చూద్దాం. తెలంగాణ 2022 నోటిఫికేషన్‌లో పురుషులకు 1600 మీటర్లకు ఇచ్చిన గడువు 7 నిమిషాల 15 సెకన్లు, మహిళలకు 800 మీటర్లకు 5 నిమిషాల 20 సెకన్లు. 7:15 అంటే 435 సెకన్లు. 400 మీటర్ల ట్రాక్ మీద రౌండుకు 109 సెకన్ల లోపు, గంటకు 13 కిలోమీటర్ల పైచిలుకు వేగం. ఈ వేగానికి కిలో శరీర బరువుకు నిమిషానికి ఇంచుమించు 47 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఖర్చవుతుంది. పరుగు అలవాటు లేని ఈ వయసు కుర్రాళ్లలో చాలామందికి గరిష్ఠ సామర్థ్యమే అంత ఉండదు. అంటే మీరు రోజూ తెల్లారగట్ల ఫైనల్ ఈవెంట్‌లో పాల్గొని వస్తున్నట్టు లెక్క. రూమ్మేట్ నడక దీని పక్కన పెట్టి చూడదగ్గది కాదు.

తీవ్రతను అందాజాగా చెప్పుకుంటే లాభం లేదు, అంకె కావాలి. మెలకువ రాగానే మంచం దిగకముందే మణికట్టు దగ్గర నాడి నిమిషం పాటు లెక్కపెట్టండి. మూడు రోజుల సగటు తీసుకోండి. 65 వచ్చిందనుకుందాం. గరిష్ఠ గుండె వేగానికి 220లోంచి వయసు తీసేసే సూత్రం అందరికీ తెలుసు. అంతకన్నా 208లోంచి వయసుకు 0.7 రెట్లు తీసేయడం కాస్త నమ్మదగింది. 22 ఏళ్లకు 193 వస్తుంది. 193లోంచి 65 పోతే 128, దీన్నే హార్ట్ రేట్ రిజర్వ్ అంటారు. అందులో 40 శాతం వాడుతుంటే మీ గుండె వేగం 116, 60 శాతానికి 142, 90 శాతానికి 180. 116 లోపు తేలిక, అక్కడి నుంచి 141 దాకా మధ్యస్థం, 142 నుంచి 179 దాకా తీవ్రం. ఆపైన ఉన్నది గరిష్ఠానికి అంచు, మీ 1600 చివరి రౌండు అక్కడే నడుస్తుంది.

ఈ సూత్రం ఎవరికైనా పది అటూ ఇటూ తప్పొచ్చు. అందుకే మాటతోనూ సరిచూసుకోవాలి. మధ్యస్థంలో పక్కవాడితో మాట్లాడగలరు, పాట మాత్రం పాడలేరు. తీవ్రంలో మూడు నాలుగు మాటలకోసారి ఊపిరి అందుకోవాలి. పరుగు ఆపాక నాడి చూస్తే 10 సెకన్లే లెక్కపెట్టి ఆరుతో గుణించండి. నిమిషం లెక్కపెడితే ఆ నిమిషంలోనే వేగం బాగా పడిపోయి, గట్టి పరుగు కూడా మధ్యస్థంలా కనిపిస్తుంది. చేతి వాచీలతో ఇంకో చిక్కు ఉంది. పట్టీ వదులుగా ఉంటే పరుగులో అవి గుండెను వదిలేసి అడుగులను లెక్కపెట్టేస్తాయి. తేలికగా జాగింగ్ చేస్తున్నా 165, 170 చూపిస్తూ అక్కడే నిలబడితే అనుమానించి నాడి పట్టుకోండి.

ఇక మెదడు సంగతి. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు చిట్టెలుకల మీద ప్రయోగాలు చేసి ఒక ధోరణిని గమనించారు. ఉద్దీపన పెరిగేకొద్దీ నేర్చుకోవడం కొంతదూరం మెరుగై తర్వాత దిగజారుతుంది, పని కష్టమైనకొద్దీ ఆ మలుపు ముందే వస్తుంది. తర్వాతివాళ్లు దీన్నే వ్యాయామానికీ అంటగట్టారు. తేలిక అయితే చాలదు, మధ్యస్థం మేలు, గట్టిది చెడు అన్న సూత్రం అక్కడి నుంచి వచ్చింది. చూడ్డానికి బాగుంటుంది, కోచ్‌లు ఇప్పటికీ ఇదే చెబుతారు. మనుషుల మీద పోగైన ఫలితాలు మాత్రం ఆ గీత మీద అంత బుద్ధిగా కూర్చోవు.

2012లో 79 అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. ఒక్క విడత వ్యాయామం వల్ల ఆలోచనా సామర్థ్యానికి కలిగిన మేలు గణాంక భాషలో సుమారు 0.1. 2024లో కేవలం యువత మీద జరిగిన వందకు పైగా అధ్యయనాలను కలిపి చూస్తే 0.13 వచ్చింది. మామూలు మాటల్లో చెప్తాను. వ్యాయామం చేసినవాణ్ని ఒకణ్ని, చేయనివాణ్ని ఒకణ్ని ఏరి జత కట్టి ఒకే పరీక్ష పెడితే, వంద జతల్లో 53 లేదా 54 సార్లు వ్యాయామం చేసినవాడు గెలుస్తాడు. మిగతా 46, 47 సార్లు ఊరికే కూర్చున్నవాడే గెలుస్తాడు. మేలు ఉంది, చిన్నది. పొద్దున్న పరుగెత్తితే మార్కులు రెట్టింపవుతాయని చెప్పేవాళ్లను నమ్మకండి. పరుగు వల్లే మార్కులు పోతున్నాయన్న భయమూ అక్కర్లేదు.

ఈ చిన్న సగటు వెనక అసలైన తేడాలు దాక్కున్నాయి. వాటిలో మీకు పనికొచ్చే మొదటిది సమయం. గుండె వేగం 160 దాటి పరుగెడుతూ లెక్క చేయమంటే ఎవరైనా తడబడతారు. ఆపిన వెంటనే కూడా గట్టి పరుగు తర్వాత ఫలితాలు అటూ ఇటూగా ఉంటాయి. ఆపాక 11 నుంచి 20 నిమిషాల మధ్య పరీక్ష పెడితే మేలు ఎక్కువగా కనిపించింది. తేలికపాటి వ్యాయామపు మేలు ఆపగానే కనిపించి తొందరగా ఆరిపోతుంది. గట్టి వ్యాయామపు మేలు కాస్త ఆలస్యంగా వచ్చి ఎక్కువసేపు నిలుస్తుంది. 2016లో జపాన్‌లో కొద్దిమంది యువకులతో నాలుగేసి నిమిషాల గట్టి సైక్లింగ్ నాలుగు విడతలు చేయించి చూస్తే, దృష్టి నిగ్రహం కోరే పరీక్షలో మెరుగుదల అరగంట తర్వాత కూడా ఉంది. మధ్యస్థంగా తొక్కినవాళ్లలో అప్పటికి పోయింది. కాబట్టి పరుగు ఆపాక ఇరవయ్యో నిమిషం మీకు అన్నిటికన్నా విలువైనది. మీరు దాన్ని బట్టలు ఉతుక్కోవడంలోనో, రూమ్ దాకా నడవడంలోనో వదిలేస్తున్నారు.

రెండోది పని స్వభావం. చుక్క కనిపించగానే బటన్ నొక్కే రకం పనులు గట్టి వ్యాయామంలో కూడా వేగంగానే సాగుతాయి. మూడు నాలుగు అంకెలు మనసులో పట్టుకుని వాటితో లెక్క చేసే పనిలో కథ మారుతుంది. మధ్యస్థ వ్యాయామ సమయంలో ఇలాంటి పనుల్లో వేగం బాగా పెరిగి, కచ్చితత్వం కొంత తగ్గినట్టు 2011 నాటి ఒక విశ్లేషణలో తేలింది. అంటే చకచకా చేసేస్తున్నామన్న భావన నిజమే, తప్పులూ నిజమే. తప్పుకు మార్కు కోసే పరీక్షకు తయారయ్యేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఒంట్లో వేడి తగ్గకముందే మాక్ టెస్ట్ మొదలుపెడితే ఎక్కువ బిట్లు పెడతారు, ఎక్కువ తప్పులూ పెడతారు.

లోపల జరిగేది తెలిస్తే ఈ సమయాల లెక్క అర్థమవుతుంది. శ్రమ గరిష్ఠ సామర్థ్యంలో 60, 70 శాతం దాకా పెరుగుతుంటే మెదడుకు వెళ్లే రక్తమూ పెరుగుతుంది. ఆ గీత దాటాక రొప్పు మొదలవుతుంది. రొప్పుతో కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోయి, మెదడు రక్తనాళాలు బిగుసుకుంటాయి. గుండె ఇంకా గట్టిగా కొడుతున్నా మెదడుకు చేరే రక్తం కిందికి దిగుతుంది. 1600 అయ్యాక ఒకటి రెండు నిమిషాలు కళ్లు తిరిగినట్టుండడానికి ఇదొక కారణం. ఆగగానే కూర్చుంటే కాళ్లలోని రక్తం పైకి రాక ఆ తిరుగుడు పెరుగుతుంది. అందుకే ఒక రౌండు నడవమంటారు. ఊపిరి కుదుటపడిన కొద్ది నిమిషాల్లో ఇది సర్దుకుంటుంది.

ఇంకొకటి నార్ అడ్రినలిన్ అనే ఉత్తేజక రసాయనం. మధ్యస్థ మోతాదులో ఇది నుదుటి వెనకున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లోని ఆల్ఫా-2ఎ రిసెప్టర్లను (రసాయన సంకేతాలు అందుకునే చోట్లను) పట్టుకుంటుంది. అంకెలు మనసులో నిలపడం, అడ్డదారి పట్టే ఆలోచనను ఆపడం అప్పుడు సులువవుతాయి. మోతాదు మరీ పెరిగితే ఆల్ఫా-1 రిసెప్టర్లు మేల్కొని అదే భాగాన్ని మందగింపజేస్తాయి. ప్రమాదంలో పారిపోవడానికి అది మంచి ఏర్పాటే, కాలం-పని లెక్కకు కాదు. పరుగు ఆగాక రక్తంలో నార్ అడ్రినలిన్ వేగంగా తగ్గుతుంది. లాక్టేట్ మాత్రం నెమ్మదిగా, సుమారు గంటలో మామూలు స్థాయికి దగ్గరవుతుంది. కండరాలు మండడానికి కారణమని చెడ్డపేరు తెచ్చుకున్న ఈ లాక్టేట్‌ను మెదడు ఇంధనంగా వాడుకుంటుంది. గట్టి వ్యాయామపు మేలు ఎక్కువసేపు నిలవడానికి ఇదే కారణం కావచ్చని జపాన్ బృందం అనుకుంది. విడతల మీద విడతలు చేయిస్తే లాక్టేట్ తక్కువగా పెరిగి, మేలు కూడా తొందరగా తగ్గడం వాళ్లు గమనించారు.

మూడో తేడా అలవాటు. ఒకే 7:15 పరుగు, 6:00లో ముగించగలవాడికి తీవ్రమే అయినా అంచు దాకా పోదు, మీకు ప్రాణం మీదికి. శ్రమ గరిష్ఠానికి దగ్గరైనప్పుడు ఫిట్‌నెస్ తక్కువున్నవాళ్ల తప్పులే ఎక్కువగా పెరుగుతాయి. రూమ్మేట్ మోతాదు మీకు, మీ మోతాదు గ్రౌండ్‌లోని సీనియర్‌కు పనికిరాకపోవడం ఇందుకే. చూడాల్సింది మీ రిజర్వ్‌లో ఎంత శాతం ఖర్చవుతోందన్నదే.

ఇంకో చిన్న మాట. సైకిల్ తొక్కుతూ పెట్టిన పరీక్షల్లో ఫలితాలు మెరుగ్గా వచ్చాయి, ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తుతూ పెట్టినప్పుడు తగ్గాయి. పరుగులో నిలకడకు, అడుగు వేసే చోటుకు మెదడు కొంత ధ్యాస ఇవ్వాలి. గట్టి పరుగులో చెవిలో జీఎస్ (జనరల్ స్టడీస్) క్లాసు పెట్టుకుంటే అటు క్లాసూ వినరు, ఇటు రౌండు టైమూ రాదు. నడకలోనో స్టాటిక్ సైకిల్ మీదో వినండి, కొంత ఎక్కుతుంది.

జ్ఞాపకశక్తి సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే జీఎస్‌లో సగం కంఠస్థమే. 2007లో జర్మనీలో 27 మందిని మూడు పద్ధతుల్లో పరీక్షించారు: మూడేసి నిమిషాల గట్టి పరుగులు రెండు, 40 నిమిషాల నెమ్మది పరుగు, ఊరికే కూర్చోవడం. తర్వాత కొత్త పదాలు నేర్పితే, గట్టిగా పరుగెత్తినప్పుడు 20 శాతం వేగంగా నేర్చుకున్నారు. వాళ్లు క్రీడా విద్యార్థులు, ఆ పరుగు వాళ్లకు కొత్త కాదు. అయినా గట్టి పరుగు మెదడును చంపేస్తుందన్న మాటకు ఇంతకన్నా నేరుగా జవాబు దొరకదు. 2016లో నెదర్లాండ్స్‌లో 72 మందికి బొమ్మల స్థానాలు నేర్పి, కొందరితో వెంటనే, కొందరితో నాలుగు గంటలాగి 35 నిమిషాల ఇంటర్వెల్ సైక్లింగ్ (కాసేపు గట్టిగా, కాసేపు నెమ్మదిగా) చేయించారు. మిగతావాళ్లతో ఏమీ చేయించలేదు. రెండు రోజుల తర్వాత పరీక్షిస్తే నాలుగు గంటలాగి చేసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. వెంటనే చేసినవాళ్లకు ప్రత్యేకంగా ఒరిగిందేమీ లేదు. ఒక్క అధ్యయనం మీద జీవితం కట్టుకోకూడదు గానీ, ఈ ఏర్పాటుకు ఖర్చేమీ లేదు, మీ దినచర్యలో తేలిగ్గా ఇముడుతుంది.

తేలిక వ్యాయామాన్నీ చిన్నచూపు చూడొద్దు. జపాన్‌లోని త్సుకుబా విశ్వవిద్యాలయంలో 36 మంది యువకులు, యువతులు గరిష్ఠ సామర్థ్యంలో 30 శాతంతో, అంటే నింపాదిగా నడిచినంత శ్రమతో, 10 నిమిషాలు సైకిల్ తొక్కి ఒకేలా కనిపించే బొమ్మలను వేరుచేసే పరీక్ష రాశారు. తొక్కినప్పుడు మెరుగ్గా గుర్తుపట్టారు. ఒకేలా ఉండే కమిటీల పేర్లు, ఆర్టికల్ నంబర్లు కలిసిపోయి ఏడిపించేవాళ్లకు ఇది ఆసక్తికరమైన ఫలితం. గంట చదివాక ఫోన్ తీసే బదులు 10 నిమిషాలు వీధిలో నడిచి రండి. నాడి 105 చుట్టూ ఉంటే చాలు.

ఇప్పుడు దొంగ దగ్గరికి. మీరు చెప్పిన దినచర్యలో నిద్ర నాలుగున్నర గంటలు. 2003లో జరిగిన ఒక ప్రయోగంలో 14 రోజులు రోజుకు ఆరు గంటలే నిద్రపోనిచ్చినవాళ్ల ఏకాగ్రత, చివరికి ఒకట్రెండు రాత్రులు అసలు నిద్రపోనివాళ్ల స్థాయికి పడిపోయింది. వాళ్లకు మాత్రం తాము బాగానే ఉన్నామనిపించింది. మీరు ఆరు కూడా పోవడం లేదు. గ్రౌండ్‌లో ఉన్నంతసేపు నార్ అడ్రినలిన్ ఈ నిద్రమత్తును కప్పేస్తుంది. అది దిగిపోయే సమయమే మీ ఆరున్నర. కుర్చీ, ఫ్యాన్ గాలి, నిశ్శబ్దం దొరకగానే అప్పు బయటపడుతుంది. రూమ్మేట్ ఎన్నింటికి పడుకుంటాడో ఒకసారి గమనించండి. జవాబు చాలావరకు అక్కడే దొరకొచ్చు.

తర్వాత నీళ్లు. రాత్రంతా తాగకుండా లేచి, పరుగుకు ముందు తాగకుండా, చెమటోడ్చి వస్తున్నారు. శరీర బరువులో 2 శాతం నీరు పోతే ఏకాగ్రత దెబ్బతినడం మొదలవుతుంది. 60 కిలోలవాడికి అది 1.2 లీటర్లు. వేసవిలో గంటకు లీటరు చెమట పోవడం పెద్ద విషయమేమీ కాదు. పరుగుకు ముందూ తర్వాతా చెమట తుడుచుకుని, తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకీ లీటరుంబావు నుంచి లీటరున్నర నీళ్లు గంటా రెండు గంటల్లో కొద్దికొద్దిగా తాగాలి. పోటు గురించి మీ భయానికి కారణం నీళ్లు కాదు, గటగటా తాగడం. పరుగుకు అరగంట ముందు 200 మిల్లీలీటర్లు గుక్కగుక్కగా తాగితే ఎవరికీ పోటు రాదనలేను గానీ, చాలామందికి రాదు. ఓఆర్‌ఎస్ వాడితే పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో కలుపుకుని తాగేవాళ్లను గ్రౌండ్లలో చూస్తూనే ఉంటాం. అంత ఉప్పు, చక్కెర ఒకేసారి పడితే దాహం తీరకపోగా కడుపు తిప్పుతుంది.

తిండి మూడోది, పాత్ర చిన్నది. ఎనిమిది నిమిషాల పరుగుతో ఆరోగ్యవంతుడి రక్తంలో చక్కెర పడిపోదు, కాబట్టి మెదడుకు ఇంధనం లేదనుకోవద్దు. కానీ రాత్రి 8:30కి తిని మర్నాడు 8:30 దాకా ఆగితే పన్నెండు గంటలు. చివరి రెండు గంటలు ధ్యాస కడుపు మీదే ఉంటుంది. పరుగుకు ముందు సగం అరటిపండు, వచ్చాక మిగతా సగంతో పాటు ఒక పల్లీపట్టీ, ఉడికించిన గుడ్డు ఉంటే అదీ సరిపోతుంది. మెస్ టిఫిన్ దాకా నిలబడతారు.

అమ్మాయిలు ఎవరైనా ఇదే ఇబ్బందితో చదువుతుంటే ఇంకొకటి ముందు చూసుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15-49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల లోపు ఉంటే రక్తహీనత కిందే లెక్క. 800 మీటర్లలో మూడొందలకే ఆయాసం, మెట్లెక్కితే గుండెదడ, చదువులో పరాకు కలిసి ఉంటే ఇంటర్వెల్స్ పెంచడం కాదు, రక్తపరీక్ష చేయించుకోవాలి. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవాళ్లకు పైన చెప్పిన నాడి అంకెలు పనిచేయవు, మాట పరీక్షే దారి. పరుగులో ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, ఇంట్లో చిన్న వయసులో గుండె ఆగి పోయినవాళ్లు ఉండడం, వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టరు, తర్వాతే గ్రౌండ్.

మీ వారాన్ని ఇలా మార్చి చూడండి. రోజూ 1600 టైం పెట్టుకుని పరుగెత్తడం మానేయండి. దానివల్ల చదువు సంగతి అటుంచి టైమే తగ్గదు. శరీరం కోలుకోకముందే మళ్లీ పరీక్ష పెడుతున్నారు. గట్టి పరుగు వారానికి రెండు రోజులు చాలు, మంగళ, శుక్రవారాలు అనుకుందాం. సాయంత్రం 5:30కి పది నిమిషాలు నెమ్మదిగా జాగింగ్ చేసి, 400 మీటర్లు ఐదుసార్లు, ఒక్కోటి 104 నుంచి 106 సెకన్లలో, మధ్యలో రెండు నిమిషాల నడకతో. చివరిది మొదటిదానికన్నా 5 సెకన్లు ఆలస్యమైతే మొదటివి ఎక్కువ వేగంగా పరుగెత్తారని అర్థం. అంతే గానీ దమ్ము లేదని కాదు. అదే రోజు మధ్యాహ్నం ఒంటిగంట, రెండు మధ్య కొత్త జీఎస్ పాఠం పెట్టుకోండి, నెదర్లాండ్స్ లెక్కతో నాలుగు గంటల ఎడం కుదురుతుంది. పరుగు అయ్యాక రాత్రి ఏడున్నర నుంచి కొత్త విషయం జోలికి పోకుండా రివిజన్. పడుకోవడానికి కనీసం గంటన్నర ముందు గట్టి పరుగు ముగిసిపోవాలి. పడక ముందరి గంటలో ముగిస్తే నిద్ర పట్టడం ఆలస్యమవుతుంది. పది, పన్నెండు రోజులకొకసారి మాత్రం పూర్తి 1600కి స్టాప్‌వాచ్ పెట్టండి.

మిగతా పొద్దుళ్లు మధ్యస్థం దాటొద్దు. రాత్రి 10:30కి పుస్తకం మూసి, 5:30కి లేవండి. 25 నిమిషాలు నడక, జాగింగ్ కలిపి, నాడి 120, 135 మధ్య ఉండేలా. 6:15కి ముగించి నీళ్లు, అరటిపండు, మొహం కడుక్కోవడం. 6:35కి అర్థమెటిక్. స్నానం తర్వాత చేసుకోవచ్చు, ఆ ఇరవై నిమిషాలు దానికి ఇవ్వకండి. లాంగ్ జంప్, షాట్‌పుట్ సాధన బుధ, శనివారాలు ఈ తేలిక జాగింగ్ తర్వాత పెట్టుకుంటే కండరాలు వేడిగా ఉంటాయి. ఆదివారం సెలవు. ఈవెంట్స్ తేదీ నెలలోకి వచ్చాక ఒక గట్టి పరుగును ఉదయానికి మార్చండి, అసలు పరీక్ష పొద్దున్నే పెడతారు కనుక. ఆ ఒక్క రోజు మొదటి పావుగంట పుస్తకం పట్టకండి, తర్వాత కంఠస్థం చేసేవి చదవండి. సాయంత్రం 4 తర్వాత టీ వద్దు. కెఫీన్ సగం కరగడానికే ఐదు గంటలు పడుతుంది.

ఇది మీకు పనిచేస్తోందా లేదా అన్నది అనుభూతితో తేల్చకండి. పరుగు తర్వాత ఉత్సాహంగా ఉండడం వేరు, లెక్కలు సరిగ్గా రావడం వేరు. ఒకే స్థాయి పుస్తకం నుంచి 20 సింప్లిఫికేషన్ బిట్ల సెట్లు ముందే కట్టి పెట్టుకోండి. మూడు రకాల రోజులు: వ్యాయామం లేనిది, తేలిక జాగింగ్, గట్టి పరుగు. ఏ రోజు ఏది అన్నది చీటీ తీసి నిర్ణయించండి. మనమే ఎంచుకుంటే ఒళ్లు బాగున్న రోజున గట్టి పరుగు పెడతాం, ఫలితం దానికి అనుకూలంగా వస్తుంది. ఆపిన ఇరవై నిమిషాలకు ఒక సెట్ చేసి సమయం, తప్పులు విడివిడిగా రాసుకోండి. నిద్ర, టీ, సెట్ మొదలుపెట్టే వేళ మారకూడదు. ఒక్కో రకానికి కనీసం నాలుగు రోజులు కావాలి. మొదటి నాలుగైదు సెట్లు లెక్కలోంచి తీసేయండి, ఎందుకంటే రోజూ చేస్తుంటే ఏ వ్యాయామం లేకపోయినా వేగం పెరుగుతుంది. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. గట్టి పరుగు తర్వాత వేళ్లు కొంచెం వణుకుతాయి, చెమటకు ఓఎంఆర్ జవాబు పత్రం తడుస్తుంది. బబ్లింగ్ నెమ్మదించడాన్ని బుర్ర నెమ్మదించడం అనుకోకుండా జవాబులు మామూలు కాగితం మీద రాయండి. చివర్లో చూసేది ఒక్కటే. రకానికీ రకానికీ మధ్య తేడా, ఒకే రకంలో రోజుకూ రోజుకూ ఉన్న తేడా కన్నా పెద్దదిగా ఉందా? లేకపోతే తేడా లేదనే అనుకుని, మీకు వీలైన వేళ పరుగెత్తండి.

ప్రిలిమ్స్ రోజు ఏం చేయాలన్నది మీరు అడగలేదు గానీ తర్వాత అడుగుతారు. ముందు రెండు రోజులు గట్టి పరుగు వద్దు. పరీక్ష రోజు నడక మేలు చేస్తుందని వాదించేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. బయోమెట్రిక్ క్యూ, హాల్లోకి పంపడం, ఓఎంఆర్ పంచడం అన్నీ అయ్యేసరికి మీరు నడిచి గంట దాటిపోతుంది. తేలిక నడక మేలు అంతసేపు నిలవదు. కాబట్టి మార్కుల కోసం కాకుండా గాబరా తగ్గడానికి మాత్రమే 15 నిమిషాలు నడవండి, ఎండలో కాదు. మూడు గంటల్లో 200 ప్రశ్నల పేపర్‌కు ముందు రాత్రి ఏడు గంటలు నిద్రపోయారా అన్నదే ఆ నడకకన్నా ఎక్కువ లెక్కలోకి వస్తుంది.